ఫోన్ నెట్‌వర్క్‌లోకే దొంగ దూరితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్ మోసాల గురించి కాలేజీల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల మీటింగుల్లో మాట్లాడటానికి వెళ్తుంటాను. లింకులు నొక్కొద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అని చెప్పి ముగించే సమయానికి ఎవరో ఒకరు లేచి నిలబడతారు. "మేం జాగ్రత్తగానే ఉంటాం సార్, మరి కంపెనీ వాళ్లు జాగ్రత్తగా ఉంటున్నారా?" అని అడుగుతారు. చాలా న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకూ, దాని వెంట వచ్చే మిగతా ప్రశ్నలకూ తీరిగ్గా రాసిన జవాబులివి.

నా ఫోన్ హ్యాక్ అవడం, నెట్‌వర్క్ హ్యాక్ అవడం ఒకటేనా?

కాదు. మీ ఫోన్‌లో వైరస్ పడితే నష్టం మీ ఒక్కరికే. నెట్‌వర్క్ అంటే మనకు కనిపించే టవర్ మాత్రమే కాదు. దాని వెనకాల రౌటర్లు, ఎక్స్ఛేంజీలు, ఏ నంబరు ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో రాసుకునే ఒక పెద్ద రిజిస్టర్, బిల్లింగ్ కంప్యూటర్లు ఉంటాయి. వీటన్నిటినీ ఆఫీసులో కూర్చుని నడిపే సిబ్బంది లాగిన్‌లు ఉంటాయి. అక్కడికి ఎవరైనా చేరితే మీ ఫోన్‌ను ముట్టుకోకుండానే మీరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో చూడగలరు. మీకు రావాల్సిన మెసేజ్‌ను తమ వైపు తిప్పుకోగలరు. లక్షల మందికి ఒకేసారి సిగ్నల్ లేకుండా చేయగలరు.

ఇంత పెద్ద కంపెనీల్లోకి ఎలా దూరుతున్నారు? మహా తెలివైనవాళ్లు అయ్యుంటారు కదా?

తెలివి లేదనను. కానీ బయటపడిన కేసులు ఒక్కొక్కటీ చదువుతూ పోతే, దూరినవాడి తెలివి కంటే లోపలివాళ్ల నిర్లక్ష్యమే ఎక్కువగా కనిపిస్తుంది.

అమెరికాలో 2024లో బయటపడిన 'సాల్ట్ టైఫూన్' సంగతే చూడండి. చైనా ప్రభుత్వంతో సంబంధం ఉన్నట్లు అమెరికా చెబుతున్న ముఠాకు పెట్టిన పేరు అది. చైనా ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. ఈ ముఠా ఏటీ అండ్ టీ, వెరిజాన్, లూమెన్ లాంటి కంపెనీల్లోకి చొరబడింది. ఆ ఏడాది డిసెంబరుకు కనీసం తొమ్మిది టెలికాం కంపెనీలని లెక్క తేలింది. వాషింగ్టన్ చుట్టుపక్కల పెద్ద సంఖ్యలో జనం కాల్ వివరాలు పోయాయి. ఎన్నికల ప్రచారంలో ఉన్న ట్రంప్, వాన్స్‌ల ఫోన్ల మీద కూడా కన్నేశారు. 2025 ఆగస్టుకు ఎఫ్‌బీఐ చెప్పిన లెక్కలో బాధిత సంస్థలు అమెరికాలోనే 200 వరకు ఉన్నాయి, దేశాలు 80.

మరి దారి ఎక్కడ దొరికింది? చాలాచోట్ల దొంగిలించిన పాస్‌వర్డ్‌లతోనే లోపలికి వెళ్లారని రౌటర్లు తయారుచేసే సిస్కో కంపెనీ పరిశోధకులు 2025 ఫిబ్రవరిలో చెప్పారు. ఒకచోట మాత్రం సిస్కో పరికరాల్లోని ఒక పాత లోపాన్ని వాడారు. ఆ లోపం సరిచేసే అప్‌డేట్ 2018లోనే వచ్చింది. ఆరేళ్లయినా ఎవరూ వేయలేదు. ఒకచోట మూడేళ్లకు పైగా లోపలే మకాం పెట్టినా ఎవరికీ తెలియలేదు. వైట్‌హౌస్‌లో సైబర్ భద్రత చూసిన ఆన్ న్యూబర్గర్ చెప్పిన మరో సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఒక కంపెనీలో ఒకే ఒక్క అడ్మిన్ లాగిన్‌తో లక్షకు పైగా రౌటర్లు తెరుచుకున్నాయట. ఊరందరి ఇళ్లకూ ఒకటే తాళంచెవి చేయించి, దాన్ని గుమ్మం పక్కన మేకుకు తగిలించినట్లుంది.

అమెరికా సంగతి సరే, అది దేశాల మధ్య గూఢచర్యం. మామూలు జనానికి దెబ్బ తగిలిన సందర్భం ఉందా?

ఉంది. 2025 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో జరిగింది. అక్కడి అతిపెద్ద మొబైల్ కంపెనీ ఎస్‌కే టెలికాం నుంచి 2 కోట్లకు పైగా సిమ్‌ల రహస్య సమాచారం పోయింది. సిమ్‌లో 'కేఐ' అనే ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య కంపెనీ సర్వర్‌లోనూ ఉంటుంది. రెండూ సరిపోలితేనే నెట్‌వర్క్ మీ సిమ్‌ను నిజమైనదని నమ్ముతుంది. అంటే అది పోయిందంటే మీ సిమ్‌కు నకలు తయారుచేసే సరుకు పోయినట్లే. కంపెనీ అందరికీ ఉచితంగా కొత్త సిమ్‌లు ఇస్తామంది. సరిపడా స్టాక్ లేక షాపుల ముందు జనం బారులు తీరారు.

దర్యాప్తులో తేలిన విషయాలు ఇంకా బాధ కలిగిస్తాయి. మొదటి మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, లోపలికి వచ్చింది 2021 ఆగస్టులో. 2022లో కంపెనీకే ఒక సర్వర్ మీద అనుమానం వచ్చినా ప్రభుత్వానికి చెప్పలేదు. ఆ రహస్య సంఖ్యలను ఎన్‌క్రిప్ట్ చేయకుండా, తెరిచి చూస్తే చదువుకోగలిగేలా పెట్టుకున్నారు. సర్వర్ లాగిన్ వివరాలు కూడా అలాగే మామూలు అక్షరాల్లో దాచుకున్నారు. కొరియా డేటా రక్షణ కమిషన్ దాదాపు 13,500 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. 'తాళం వేసితిని, గొళ్లెం మరచితిని' అన్న మన సామెత ఇలాంటి సందర్భానికే పుట్టిందేమో అనిపిస్తుంది.

పోలీసుల కోసం పెట్టిన ట్యాపింగ్ ఏర్పాటును హ్యాకర్లు వాడుకున్నారని విన్నాను. నిజమేనా?

నిజమే. అదీ ఒకసారి కాదు.

దాదాపు ప్రతి దేశంలోనూ కోర్టు లేదా ప్రభుత్వం అనుమతిస్తే ఒక నంబరు మీద నిఘా పెట్టే సౌకర్యం టెలికాం కంపెనీలు ఏర్పాటు చేయాలి. అమెరికాలో దానికి 1994 నాటి చట్టం ఉంది. సాల్ట్ టైఫూన్ ముఠా చేరిన చోట్లలో ఈ నిఘా వ్యవస్థ కూడా ఒకటి.

అంతకు ఇరవై ఏళ్ల ముందే ఏథెన్స్‌లో ఇలాగే జరిగింది. 2004 ఒలింపిక్స్ సమయంలో వొడాఫోన్ గ్రీస్ ఎక్స్ఛేంజీల్లో ఎవరో రహస్యంగా ప్రోగ్రామ్ ఎక్కించారు. అవి ఎరిక్సన్ తయారుచేసిన ఎక్స్ఛేంజీలు. అందులో చట్టబద్ధమైన ట్యాపింగ్‌కు అవసరమైన సాఫ్ట్‌వేర్ భాగం ముందే ఉంది. దాన్ని నడిపించారు. ప్రధాని కోస్తాస్ కరమన్లిస్‌తో సహా 100 మందికి పైగా ప్రముఖుల కాల్స్ కొన్ని ప్రీపెయిడ్ ఫోన్లకు నకలుగా వెళ్లేవి. ఇదంతా నెలల తరబడి నడిచింది. చివరకు 2005 జనవరిలో కొన్ని ఎస్‌ఎంఎస్‌లు అందట్లేదని ఫిర్యాదులు వస్తే, కారణం వెతుకుతుంటే ఇది బయటపడింది. అంటే దొంగను పట్టింది కాపలా కాదు, దొంగ చేసిన చిన్న పొరపాటు. కంపెనీ ప్లానింగ్ విభాగంలో పనిచేసే ఒక ఇంజినీరు 2005 మార్చిలో ఇంట్లో ఉరికి వేలాడుతూ కనిపించారు. ఆ కుటుంబం న్యాయం కోసం ఏళ్ల తరబడి పోరాడింది.

తెలంగాణలో 2024 నుంచి నడుస్తున్న కేసు వల్ల ఫోన్ ట్యాపింగ్ అనే మాట మనకు బాగా పరిచయం. అక్కడ ఆరోపణలు లోపలి అధికారుల మీద. ఏథెన్స్‌లో చేసిన పని ఎవరిదో జనానికి ఏళ్ల తరబడి తెలియలేదు. రెండింటినీ కలిపి చూడలేం గానీ, నా అభిప్రాయం మాత్రం ఒకటే. మంచివాళ్లు మాత్రమే వాడే దొడ్డిదారి అంటూ ఎక్కడా ఉండదు. దారి పెట్టాక దానికి అసలు గుమ్మం కంటే గట్టి కాపలా ఉండాలి. అమెరికాలోనూ ఏథెన్స్‌లోనూ అది లేదు.

ఎస్‌ఎస్‌7 అని తరచూ వింటున్నాం. అదేమిటి?

దీనికి చిన్న కథ చెప్పాలి. 1960, 70ల్లో అమెరికా ఫోన్ లైన్లలో మాట వెళ్లే తీగమీదే కంపెనీ ఆదేశాలు కూడా వెళ్లేవి. 2600 హెర్ట్జ్ శబ్దం వినిపిస్తే లైన్ ఖాళీగా ఉందని ఎక్స్ఛేంజీ అనుకునేది. ఒక అల్పాహారం డబ్బాలో పిల్లలకు ఉచితంగా వచ్చే ప్లాస్టిక్ ఈల సరిగ్గా ఆ శబ్దమే చేసేది. జాన్ డ్రేపర్ లాంటి కుర్రాళ్లు అలాంటి ఈలలతో, ఆ శబ్దాలు చేసేలా చేత్తో తయారుచేసుకున్న పెట్టెలతో దేశమంతా ఉచితంగా ఫోన్లు చేసుకున్నారు.

ఆ మోసానికి మందు ఏమిటంటే, ఆదేశాలను మాట నుంచి విడదీసి వేరే దారిలో పంపడం. 1970ల మధ్యలో మొదలై అలా తయారైందే ఎస్‌ఎస్‌7. ఈల ఊదేవాళ్ల పని అయిపోయింది. కానీ ఆ కొత్త దారిలో ఉండేది కొద్దిమంది పెద్ద టెలిఫోన్ సంస్థలే, అందులోనూ చాలావరకు ప్రభుత్వానివే. కాబట్టి ఒకరినొకరు పూర్తిగా నమ్మేలా దాన్ని కట్టారు. "నువ్వెవరు?" అని అడిగే అలవాటే అందులో పెట్టలేదు.

ఇప్పుడు కడప నుంచి కువైట్ వెళ్లిన మనిషిని తీసుకోండి. అక్కడ దిగి ఫోన్ ఆన్ చేయగానే కువైట్ కంపెనీ ఇక్కడి కంపెనీకి "మీ నంబరు ఇప్పుడు నా దగ్గర ఉంది" అని కబురు పెడుతుంది. ఇక్కడి రిజిస్టర్ ఆ మాట రాసుకుంటుంది. ఇక ఆ నంబరుకు వచ్చే ఎస్‌ఎంఎస్‌లు అటు వెళ్తాయి. రోమింగ్ నడిచేదే ఇలా. ఇప్పుడదే కబురు ఒక దొంగ పెట్టాడనుకోండి. మనిషి కడపలోనే ఉంటాడు, మెసేజ్‌లు మాత్రం ఇంకో దేశంలో ఎవరికో చేరతాయి. ఈ రోజు ఆ దారిలో వందల కంపెనీలు ఉన్నాయి. చిన్నా చితకా కంపెనీల నుంచి ఆ ప్రవేశాన్ని అద్దెకు కొనుక్కునేవాళ్లు కూడా ఉన్నారు.

జర్మనీ పరిశోధకులు టోబియాస్ ఎంగెల్, కార్‌స్టెన్ నోల్ 2014లోనే దీన్ని అందరి ముందూ చేసి చూపించారు. 2016లో అమెరికా ఎంపీ టెడ్ లూ తన ఫోన్ నంబరు మాత్రమే ఇచ్చి, తన కాల్స్ వాళ్లు వినగలరని టీవీ కార్యక్రమంలో స్వయంగా చూశారు.

ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా డబ్బు పోయే అవకాశం ఉందా?

ఉంది. 2017 జనవరిలో జర్మనీలో ఓ2 టెలిఫోనికా వినియోగదారులు కొందరికి అదే జరిగింది. దొంగలు ముందు మాల్వేర్‌తో బ్యాంకు పాస్‌వర్డ్‌లు సంపాదించారు. తర్వాత ఇందాక చెప్పిన తప్పుడు కబురు పద్ధతిలో ఓటీపీ మెసేజ్‌లను తమ వైపు తిప్పుకుని ఖాతాలు ఖాళీ చేశారు. బాధితులు ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఏ లింకూ ఆ రాత్రి నొక్కలేదు.

ఇలాంటివి అరుదు. మన దగ్గర డబ్బు పోయే కేసుల్లో చాలావరకు ఓటీపీ చెప్పడం వల్లో, స్క్రీన్ షేర్ చేయడం వల్లో, నకిలీ యాప్ ఎక్కించుకోవడం వల్లో జరిగేవే. అయినా ఈ విషయం ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, డబ్బు పోయిన మనిషిని "నువ్వే ఓటీపీ చెప్పి ఉంటావు" అని ముందే దోషిని చేస్తున్నారు. ఇంట్లోవాళ్లూ అలాగే అంటారు. చెప్పకపోయినా పోవచ్చు. ఆ మనిషి మాట కాస్త వినాలి.

4జీ, 5జీ వచ్చాక ఇవన్నీ పాతబడిపోలేదా?

పూర్తిగా కాదు. 4జీలో 'డయామీటర్' అనే కొత్త పద్ధతి వచ్చింది గానీ కంపెనీల మధ్య గుడ్డి నమ్మకం చాలావరకు అలాగే ఉంది. 5జీ పాత 4జీ వ్యవస్థ మీద ఆధారపడకుండా సొంత కోర్‌తో (నెట్‌వర్క్ లోపలి ప్రధాన వ్యవస్థ) నడిచినప్పుడు రక్షణ బాగా మెరుగు. అయితే ఏ దేశంలోనైనా 2జీ, 3జీ నడుస్తున్నంతకాలం వాటికోసం పాత దారిని తెరిచే ఉంచాలి. మన పల్లెల్లో, పెద్దవాళ్ల చేతుల్లో బటన్ ఫోన్లు ఇంకా ఉన్నాయి. వాళ్లను ఒక్కరోజులో తోసేయలేం, తోసేయకూడదు కూడా. అందుకని ప్రతి కంపెనీ తన సరిహద్దు దగ్గర ఫైర్‌వాల్ పెట్టి, "ఈ నంబరు పది నిమిషాల క్రితం కడపలో ఉంది, ఇంతలో వేరే దేశానికి ఎలా వెళ్లింది?" అని అడిగే ఏర్పాటు చేసుకోవాలి. అలాంటి ఫైర్‌వాల్‌లు వచ్చి చాలా ఏళ్లైంది.

ఒక దేశం ఫోన్లన్నీ ఒకేసారి ఆపేయడం సాధ్యమా?

దాదాపు చేసి చూపించారు. ఉక్రెయిన్‌లో అతిపెద్ద మొబైల్ కంపెనీ కీవ్‌స్టార్. దానికి 2.4 కోట్ల మంది వినియోగదారులు. 2023 డిసెంబరు 12 ఉదయం అందరికీ సిగ్నల్ పోయింది. యుద్ధం నడుస్తున్న దేశంలో, కొన్ని ప్రాంతాల్లో వైమానిక దాడి హెచ్చరికలు కూడా ఆగిపోయాయి. కార్డులు పనిచేయలేదు. ల్వీవ్ నగరంలో వీధిదీపాలను మనుషులు వెళ్లి ఆర్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ దీపాలు కూడా అదే నెట్‌వర్క్ మీద నడుస్తున్నాయి. ఒక ఉద్యోగి లాగిన్ దొంగల చేతికి చిక్కడం వల్లే దారి దొరికిందని కంపెనీ అధిపతి చెప్పారు. కనీసం ఆ ఏడాది మే నుంచే రష్యా హ్యాకర్లు లోపల ఉన్నారని ఉక్రెయిన్ భద్రతా సంస్థ చెప్పింది. ఏడు నెలలు లోపల తిరిగి, ఒకరోజు వేల కొద్దీ సర్వర్లను తుడిచేసి పోయారు.

దానికి ముందు, 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టే గంట ముందు వయాశాట్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ సంస్థ మీద దాడి జరిగింది. ఉపగ్రహాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేలమీద ఉన్న ఒక వీపీఎన్ పరికరం (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) సెట్టింగు తప్పుగా ఉంది, అక్కడి నుంచి దూరారు. కంపెనీ తన కస్టమర్ల మోడెమ్‌లను సరిచేయడానికి వాడే ఆదేశాలనే వాడి, వేలాది మోడెమ్‌ల మెమరీని చెరిపేశారు. తర్వాత కంపెనీ దాదాపు 30,000 కొత్త మోడెమ్‌లు పంపాల్సి వచ్చింది. జర్మనీలో ఎనర్‌కాన్ సంస్థవి 5,800 గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి గానీ వాటిని దూరం నుంచి చూసుకునే సంబంధం తెగిపోయింది. యుద్ధం ఒక దేశంలో, దెబ్బ ఇంకో దేశపు కరెంటు సంస్థకు.

తుపాను హెచ్చరికలు, సైరన్ల లాంటివి కూడా ఇలా దెబ్బతినొచ్చా?

2017 ఏప్రిల్ 7 అర్ధరాత్రి ముందు అమెరికాలోని డల్లాస్‌లో 156 అత్యవసర సైరన్లు ఒక్కసారిగా మోగాయి. సుడిగాలీ లేదు, ఏమీ లేదు. ఎవరో రేడియో సిగ్నల్‌తో మోగించారు. అదే డల్లాస్ చుట్టూ మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. ఆ రాత్రి భయంతో 911కు వేల కాల్స్ వెళ్లాయి, దాంతో నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. 2013లో మోంటానాలో ఒక టీవీ స్టేషన్ హెచ్చరిక పరికరంలోకి దూరి, శవాలు లేచి వస్తున్నాయని ప్రకటన వేశారు. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకపోవడమే కారణం. 2023 ఆగస్టులో పోలండ్‌లో రైళ్లను ఆపే రేడియో సంకేతాన్ని ఎవరో పంపి దాదాపు ఇరవై రైళ్లను నిలబెట్టేశారు. ఆ సంకేతం మూడు స్వరాలే, ఎన్‌క్రిప్షన్ లేదు, తాళం లేదు. మళ్లీ ఆ ఈల కథే.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో ఉన్నవాళ్లకు తుపాను హెచ్చరిక ఇప్పుడు ఫోన్ మీదకే వస్తుంది. ఒక్కసారి అబద్ధపు హెచ్చరిక వస్తే రెండోసారి నిజమైన దాన్ని జనం నమ్మరు. నాకు టెన్షన్ అంతా దాని గురించే.

మన దేశంలో పరిస్థితి ఏమిటి?

2024 మే 20న బీఎస్‌ఎన్‌ఎల్‌లో చొరబాటు జరిగి ఉండొచ్చని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ తెలియజేసింది. గుంటూరు ఎంపీ, టెలికాం సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ ఆ జులైలో లోక్‌సభకు ఇచ్చిన జవాబులో, సెర్ట్-ఇన్ పంపిన నమూనాను పోలిన డేటా ఫైళ్లు పంపుకోవడానికి వాడే ఒక ఎఫ్‌టీపీ సర్వర్‌లో ఉన్నట్లు తేలిందని చెప్పారు. నంబర్ల ప్రధాన రిజిస్టర్‌లోకి చొరబాటు జరిగినట్లు పరికరాల తయారీదారు చెప్పలేదని, సేవలు ఆగలేదని కూడా అన్నారు.

ఆ తర్వాత 2024 నవంబరులో టెలికాం సైబర్ భద్రత నియమాలు వచ్చాయి. భద్రతా లోపం బయటపడితే ఆరు గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి, 24 గంటల్లో మరిన్ని వివరాలు ఇవ్వాలి, ప్రతి కంపెనీలో దీనికి బాధ్యుడైన ఒక అధికారి ఉండాలి. మంచి నియమాలే. నా అసంతృప్తి ఒక్కటే. ప్రభుత్వానికి ఆరు గంటల్లో చెప్పాలన్నారు సరే, సిమ్ కొనుక్కున్న మనిషికి ఎప్పుడు చెప్పాలి? మన వివరాలు పోయాయని మనకు పేపర్లో చదివితే తెలియడం సరికాదు.

ఇన్ని తెలిసి కూడా ఎందుకు సరిచేయరు?

నడుస్తున్న ఎక్స్ఛేంజీకి అప్‌డేట్ వేయాలంటే ధైర్యం కావాలి. రాత్రి రెండింటికి వేసి, తెల్లారేసరికి జిల్లా మొత్తానికి సిగ్నల్ పోతే ఆ ఇంజినీరు ఉద్యోగం మీదకు వస్తుంది. వేయకుండా వదిలేస్తే ఏళ్ల తరబడి ఎవరూ అడగరు. పైగా టవర్ పెడితే కస్టమర్లు పెరుగుతారు, ఫైర్‌వాల్ పెడితే ఎవరికీ కనిపించదు. సిబ్బందిలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. ఒకరు మానేస్తే పాత లాగిన్ తీసేయాలన్నది ఎవరి పనో రాసి ఉండదు. కింద పనిచేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. అప్‌డేట్ వేసే రాత్రి వాళ్లకు పైనుంచి అండ ఉండాలి. వేయకపోతే పైవాళ్లనే అడగాలి.

మరి నా చేతిలో ఏముంది?

కొంత ఉంది. బ్యాంకు యాప్‌లో, ఈమెయిల్‌లో ఎస్‌ఎంఎస్ ఓటీపీకి బదులు అథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే కోడ్ తయారుచేసేది) లేదా పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యేది) ఇస్తుంటే దానికి మారండి. ముందు ఈమెయిల్‌కు పెట్టండి, ఎందుకంటే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకునేది దాని ద్వారానే. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకోండి. ముఖ్యమైన మాటలు మామూలు కాల్‌లో కాకుండా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే మాట్లాడుకునే ఇద్దరు తప్ప మధ్యలో ఎవరూ వినలేని యాప్‌లో మాట్లాడండి. సాల్ట్ టైఫూన్ తర్వాత అమెరికా సైబర్ సంస్థ ప్రముఖులకు ఇచ్చిన సలహా కూడా ఇదే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపే సెట్టింగు ఉంటుంది. మీ ఊళ్లో 4జీ బాగుంటే ఆపేయండి. ఇంట్లో వైఫై రౌటర్ పాస్‌వర్డ్ పెట్టె అడుగున అంటించిందే ఉంటే ఈ రోజే మార్చండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ప్రభుత్వ పోర్టల్ 'సంచార్ సాథీ'లో చూసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న మీవాళ్లకు చెప్పండి, అక్కడి కంపెనీల యాప్‌లలో నంబర్ లాక్ ఉంటుంది. ఉచితమే. అది ఆన్ చేసుకుంటే వేరేవాళ్లు ఆ నంబరును ఇంకో కంపెనీకి మార్చుకోవడం కష్టం.

ఉన్నట్టుండి సిగ్నల్ పోయింది. టవర్ పోయిందా, నా సిమ్ ఎవరైనా మార్చేశారా? ఎలా తెలుస్తుంది?

ముందు ఇంట్లో గానీ పక్కింట్లో గానీ అదే కంపెనీ సిమ్ ఉన్న ఇంకో ఫోన్ చూడండి. దానికీ సిగ్నల్ లేకపోతే చాలావరకు టవర్ సమస్యే. దానికి ఉండి మీకు మాత్రమే 'నో సర్వీస్' అని వస్తుంటే, ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చేయండి. అయినా రాకపోతే ఆలస్యం చేయొద్దు. ఎవరో మీ పేరు చెప్పి మీ నంబరుకే ఇంకో సిమ్ తీసుకుని ఉండొచ్చు. మన దేశంలో సిమ్ మార్చాక 24 గంటలు ఎస్‌ఎంఎస్‌లు ఆపాలన్న నియమం ఉంది. మార్చిన సిమ్‌ను వారం రోజుల దాకా వేరే కంపెనీకి మార్చుకోవడానికీ వీల్లేదు. ఆ 24 గంటలే మీకున్న సమయం. పక్కవాళ్ల ఫోన్ నుంచి మొదట బ్యాంకుకు చేసి ఖాతా, కార్డులు, యూపీఐ ఆపించండి. తర్వాత సిమ్ కంపెనీకి చేసి ఆ కొత్త సిమ్‌ను బ్లాక్ చేయమనండి. డబ్బు పోయినట్లు కనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చేయండి. బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరు మాత్రం ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ సమయంలో మీ ఫోన్‌లో నెట్ ఉండదు.